ఎడమకు తిరిగే ఇంజను

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అననీ. నా కోపానికి ఒక ఇంజను కారణమని చెబితే మాత్రం నవ్వుతారు. నవ్వేవాళ్ళ ఇంట్లో రేవు పోలేదు, కట్టుకున్న మనిషి భుజం పోలేదు. వాళ్ళకు నవ్వు రాక ఏమొస్తుంది?

మా అత్తవారిది కృష్ణ ఒడ్డు. మక్తల్‌కు దక్షిణంగా, ఏరు బండరాళ్ళను ఒరుసుకుంటూ పోయే చోట మా రేవు ఉండేది. తాతల నాటి నుంచి పుట్టి నడిపి బతికిన ఇల్లు అది. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున పశువు తోలు కుట్టిన గుండ్రటి పడవను మా వైపు పుట్టి అంటారు. నేను పుట్టింది కూడా ఎగువన ఇంకో రేవులో, పుట్టి నడిపే వాళ్ళింట్లోనే. ఆడది తెడ్డు ముట్టకూడదంటారు. మా నాయినకు కొడుకులు లేరు కాబట్టి ఆ మాట మా ఇంట్లో చెల్లలేదు. ఊహ తెలిసిన నాటి నుంచీ నేను తెడ్డు వేశాను.

పుట్టి నేర్చుకునేవాళ్ళకు మొట్టమొదట తెలిసే సంగతి ఒకటుంది. ఒక పక్కనే తెడ్డు వేస్తే పుట్టి ముందుకు పోదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఈ పక్కన ఒక పోటు పడితే ఆ పక్కన ఒక పోటు పడాలి. ఏటి ఒడ్డున పుట్టిన ఏ పిల్లనడిగినా ఈ మాట చెబుతుంది. మా మామకు తెలుసు, మా ఆయనకు అన్నైన మా బావకు తెలుసు, మా ఆయనకు తెలుసు. తెలియక చేశారంటే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు తాలూకా కచేరీ నుంచి ఒక హుకుం వచ్చింది. వానకాలంలో ఏరు పొంగితే పుట్టీలు ఆగిపోతున్నాయి, టపా ఆగిపోతోంది, అధికార్లు అవతలి ఒడ్డున చిక్కుకుపోతున్నారు. అందుకని ఇక నుంచి మోటరు లాంచీ ఉన్నవాడికే రేవు. మేము ఎప్పటి నుంచో నడుపుతున్నాం కాబట్టి ముందు మాకే అవకాశం ఇస్తారట. లాంచీ తెచ్చుకుని, ఏరు నిండుగా ఉన్నప్పుడు తహసీల్దారును ఎక్కించుకుని అవతలికి పోయి తిరిగి రావాలి. వస్తే రేవు మాది. రాకపోతే పాలమూరు నుంచి రేవులు గుత్తకు పట్టే ఇజారాదారు ఒకడు కాచుకుని ఉన్నాడు, అతనికి పోతుంది.

రేవు పోతే మాకు ఇంకేమీ లేదు. గుంటెడు పొలం లేదు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పంటలప్పుడు కల్లంలో మా పేరున తీసిపెట్టే గింజలే మా ఏడాది తిండి. రేవు ఎవరిదో గింజలు వాళ్ళవి. అప్పటికి నా ఒళ్ళో ఏడాది పిల్ల ఉంది. ఆ పిల్లకు ఏం పెట్టాలి అన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద మాట.

మా మామ ఆ హుకుం విని బెదరలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. "లాంచీ తెద్దాం" అని ఒక్క మాటతో తేల్చేశాడు. ఆయనకు రేవులో ఉన్న పేరు కన్నా అంగట్లో ఎడ్ల బేరానికి ఉన్న పేరు పెద్దది. ఎద్దు పళ్ళు చూసి, సుడులు చూసి, నడిపించి చూసి, ఇది కాడికి కుడి పక్కన వలపటికి పనికొస్తుంది, ఇది ఎడమ పక్కన దాపటికి పనికొస్తుంది అని చెప్పేవాడు. ఆయన కలిపిన జోడు విడిపోదని అనేవాళ్ళు. అలాంటి మనిషి తన సొంత ఎడ్ల జతను అమ్మి, నా కాళ్ళ కడియాలు అమ్మి, ఇంట్లో ఉన్నదంతా మూట గట్టి లాంచీ కోసం పట్నం బయలుదేరాడు.

నేనెందుకు వెంట పోయానంటే, మా అత్త పోతూ పోతూ ఒక మొక్కు మిగిల్చి పోయింది. మా పిల్ల పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్ట మీద తీయించాలని. ఎలాగూ పట్నం దాకా పోతున్నాం కదా అని ముందు గుట్టకు పోయాం. మామ, బావ, మా ఆయన, నేను, పిల్ల. పిల్లకు గుండు కొట్టించి, స్వామి చుట్టూ ప్రదక్షిణలు చేసి పట్నం వచ్చాం. మామ ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉన్నాడంటే, రైల్లో పిల్ల గుండు నిమురుతూ, "లాంచీల ముందుగాల్ల నిన్నే ఎక్కిస్తనే" అన్నాడు. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతుంది.

హుసేన్‌సాగర్ కట్ట కింద ఒక రేకుల కొట్టంలో ఆ లాంచీ ఉంది. ఎవరో జాగీర్దారు షికారుకని చేయించుకుని, మోజు తీరాక వదిలేసినది. టేకు చెక్క. పెద్దగా దెబ్బ తిన్నది కాదు. కొట్టం నడిపే మిస్త్రీ ఒక ముసలి తురకాయన. గడ్డం నిండా నూనె మరకలు. లాంచీలో ఇంజన్లు లేవు. బయటకు తీసి పక్కన మొద్దుల మీద పెట్టాడు. అక్కడ నాలుగు ఇంజన్లు ఉన్నాయి.

"చాచా, పడవ ఒక్కటే, ఇంజన్లు నాలుగు. పడవల రెండే పడ్తయ్. ఏ రెండు కావాల్నో నువ్వే సూస్కో" అన్నాడు మిస్త్రీ.

నాలుగింటిలో రెండు ఆకుపచ్చ రంగువి. ఒకే కార్ఖానాలో పుట్టినవి, కవలపిల్లల్లా ఉన్నాయి. ఇత్తడి బిళ్ళలు తళతళా మెరుస్తున్నాయి. మిగిలిన రెండిటిలో ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. ఎర్రదాని రంగు సగం ఊడి తుప్పు కనబడుతోంది. దేని రూపం దానిది. మామ, బావ నేరుగా ఆకుపచ్చ వాటి దగ్గరికే పోయారు. మామ వాటి వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. వంగి కింద చూశాడు. చుట్టూ తిరిగాడు. ఎద్దును చూసినట్టే చూశాడు. నాకు లోలోపల నవ్వొచ్చింది. అప్పుడింకా నవ్వొచ్చే కాలం.

మిస్త్రీ మంచివాడే. దాచకుండా చెప్పాడు.

"ఆకుపచ్చయి నడుస్తయ్, నేను కాదంటలే. గని రెండూ ఒక్క దిక్కే, కుడికే తిరుగుతయ్. నీళ్ళల్ల పంకాలు గూడ ఒక్క దిక్కే తిరుగుతయ్. పడవ ఒక పక్కకు గుంజుతది. గీ నల్లది కుడికి తిరుగుతది, గీ ఎర్రది ఎడమకు తిరుగుతది. ఒకదాని గుంజుడును ఇంకోటి ఆపుతది. గీ పడవకు మొదటి సంది గీ రెండే ఉండె. సీదా పోవాల్నంటే గీ రెండు తీస్కపో."

మామ ముఖం మారింది. "ఎడమకు తిరుగుతదా?"

"హౌ, ఎడమకు."

"నడిపి సూపెట్టు."

మిస్త్రీ ఎర్ర ఇంజను ముందున్న చక్రానికి తాడు చుట్టి లాగాడు. రెండుసార్లు దగ్గి, పొగ కక్కి, ఇంజను అందుకుంది. మామ చక్రానికి ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. చక్రం ఎడమకు తిరుగుతోంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, పక్కకు తిరిగి ఉమ్మాడు.

"థూ! అపసవ్యం. నిన్ననే స్వామి చుట్టూ కుడి దిక్కు తిరిగొచ్చిన. గిప్పుడు పీనుగ చుట్టూ తిరిగినట్టు తిరిగేదాన్ని ఇంటికి తోల్కపోవాల్నా? గంగమ్మ ఊకుంటదా?"

బావ అందుకున్నాడు. "రంగు గూడ సూడు నాయినా. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. గీ జోడు గట్టుకొని పోతే అంగట్ల నవ్విపోతరు."

"ఎడ్లు కాదు బాబా, ఇంజన్లు" అని మిస్త్రీ నవ్వాడు. మామ నవ్వలేదు.

ఆ పొగకు పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. పొగ తగలకుండా నేను పిల్లను చంకనేసుకుని ఇంజను అవతలి పక్కకు పోయాను. అటు కొసన ఇనుప కడ్డీ ఒకటి బయటకు పొడుచుకుని ఉంది, పంకాను తిప్పే కడ్డీ అది. అదీ తిరుగుతోంది. నేను నిలబడ్డ చోటు నుంచి చూస్తే కుడికి తిరుగుతోంది. చక్కగా, గుడి చుట్టూ తిరిగినట్టు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇసుర్రాయిని పైనుంచి చూస్తే ఒక దిక్కు, కింద పడుకుని చూస్తే ఇంకో దిక్కు. అంతే కదా. ఎక్కడ నిలబడి చూశామన్న దాన్ని బట్టి ఉంటుంది. అలా చూస్తే మామ మెచ్చుకున్న ఆకుపచ్చ ఇంజన్లు రెండూ ఇటు నుంచి అపసవ్యమే.

మామ ముందు, బావ ముందు నేను మాట్లాడకూడదు. కొంగు కప్పుకుని తల వంచుకుని ఉండాలి. తెలుసు. అయినా రేవు సంగతి అది. కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని, "మామా, జర గిటొచ్చి సూడు. గిటు దిక్కు సంది కుడికే తిరుగుతాంది" అన్నాను.

మామ నా వైపు చూడలేదు. కొట్టం పైకప్పుకు చెప్పినట్టు చెప్పాడు. "ముందొచ్చిన చెవుల కన్న ఎనకొచ్చిన కొమ్ములు వాడి అంటే గిదే."

నేను ఆగలేదు. "ఒక్క పక్క తెడ్డేస్తే పుట్టి తిరుగుతదని నువ్వే గదా అందరికి చెప్తవు. గీడ గూడ గదే కత గదా మామా. రెండు దిక్కుల పోటు పడాలె గదా."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. శుభమా అని బేరానికొస్తే తిరుగుతది, మునుగుతది అంటవా? పో, బయట కూసో."

నేను మునుగుతుందని అనలేదు. తిరుగుతుందని మాత్రమే అన్నాను. మునుగుతుందన్న మాట ఆయనే కలిపాడు. ఈ తేడా నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒక్కరూ పట్టించుకోలేదు.

ఆయన నాలుగడుగులు వేసి ఇటు పక్కకు వస్తే సరిపోయేది. ఎద్దు చుట్టూ అన్నిసార్లు తిరిగి చూసే మనిషి, ఆకుపచ్చ ఇంజన్ల చుట్టూ తిరిగిన మనిషి, ఎర్ర ఇంజను అవతలి పక్కకు మాత్రం రాలేదు. అక్కడ నేను నిలబడి ఉన్నాను కదా. కోడలు నిలబడ్డ చోట నిలబడి చూస్తే మర్యాద పోతుందనుకున్నాడేమో. మిస్త్రీ భుజాలు ఎగరేసి, "మీ మర్జీ చాచా" అన్నాడు. ఆ రోజే ఆకుపచ్చ జోడు మాదైంది.

ఇంతసేపూ మా ఆయన ఎక్కడున్నాడు? అక్కడే ఉన్నాడు. తన కాలి బొటనవేలితో నేల మీద మట్టి గీకుతూ ఉన్నాడు.

తిరుగు రైల్లో మామ, బావ అవతలి బల్ల మీద కునుకుతుంటే నేను మెల్లగా అడిగాను. "నీకు తెల్వదా?"

"తెల్సు" అన్నాడు.

"మరి నోరెందుకు మెదపలె?"

"నాయిన ముందర గట్లెట్ల అంట?"

"నేనన్న గదా."

"నువ్వన్నవు గనుకనే నేను అనరాకుంట అయింది. పెండ్లాం మాట పట్టుకొని ఎగిరిండంటరు."

ఏం చెప్పను? మామ మీద కోపం వచ్చిందంటే ఆయన పెద్దాయన, ఆయన నమ్మకం ఆయనది అనుకోవచ్చు. తెలిసి కూడా మాట మింగిన మనిషితో ఎట్లా కాపురం చేయాలి? చేశాను. చాలా ఏళ్ళు చేశాను. మంచివాడు కూడా. మంచితనం ఆ రోజు కొట్టంలో మట్టి గీకడానికి తప్ప దేనికి పనికొచ్చింది?

లాంచీ గూడ్సు బండి మీద కృష్ణా స్టేషను దాకా వచ్చింది. అక్కడి నుంచి రెండు ఎడ్లబండ్లు జోడించి, ఊరూరా జనం చూస్తుండగా రేవుకు తోలుకొచ్చారు. మామ ముందు నడిచాడు, పెండ్లి ఊరేగింపులో నడిచినట్టు. గంగమ్మకు యాటను కోశారు. ఇంజన్లకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, మెడలో దండలు వేశారు. ఇంజనుకు మెడ ఎక్కడుందో వెతికి మరీ వేశారు.

ఏటా తొలకరికి ముందు మా పుట్టీలకు కొత్త తోళ్ళు కుట్టడానికి ఊళ్ళో నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. ఆ ఏడు మామ, "ఇంక తోళ్ళతోని పనేం లేదు" అని ఆయనను వెనక్కి పంపాడు. పుట్టి తోలుకు నూనె పెట్టకుండా, తడపకుండా ఎండలో వదిలేస్తే నెలలోపే బిగుసుకుని పగులుతుంది. మాకున్న పుట్టీలన్నీ అలాగే పగిలాయి. ఒక్కదానికైనా నూనె పెడదామని నేను పోతే బావ అడ్డం వచ్చాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నాయినకే లేని ఫికర్ నీకెందుకు?" అన్నాడు.

వేసవిలో ఏరు సన్నగా, మెల్లగా పారుతున్నప్పుడు లాంచీని మడుగులో తిప్పి చూశారు. చుక్కాని మా ఆయన పట్టుకున్నాడు. ఇంజన్లు బాగానే నడిచాయి. కానీ మూతి ఊరికే కుడి పక్కకు పోతుంది. చుక్కాని వదిలితే చాలు, కుడికి చుట్టు తిరుగుతుంది. నేను ఒడ్డున బట్టలు ఉతుకుతూ చూస్తున్నాను. బావకు అది కనబడలేదా? కనబడింది. "కొత్త ఎద్దు గదా, కాడి మరగాలె. పది దినాలైతే సీదైతది" అన్నాడు.

ఇంజను కాడి మరుగుతుందా? నేను మళ్ళీ చెప్పాను. ఈసారి మా ఆయనతో చెప్పించాలని చూశాను. ఇప్పటికైనా ఒక ఆకుపచ్చది తీసుకుపోయి ఆ ఎర్రది మార్చుకు రండి అన్నాను. ఆయన మరో రెండు దినాలు చూద్దామన్నాడు. తర్వాత ఇంకో రెండు దినాలు. చుక్కాని గట్టిగా పట్టుకుంటే పోతోంది కదా అన్నాడు. అంతలో ఎగువన వానలు పడ్డాయి. ఏరు ఎర్రగా, వెడల్పుగా వచ్చింది. తహసీల్దారు వస్తున్నాడని కబురు కూడా వచ్చింది.

ఆ రోజు రెండు ఒడ్లూ జనమే. తహసీల్దారు గొడుగు, ఇద్దరు బంట్రోతులు, పాలమూరు ఇజారాదారు. అతను మా ఒడ్డున బండ మీద కూర్చుని నిమ్మళంగా బీడీ తాగుతున్నాడు. మామ కొత్త రుమాలు చుట్టుకుని లాంచీ ముందు నిలబడ్డాడు. బావ ఇంజన్ల దగ్గర, మా ఆయన చుక్కాని దగ్గర. పిల్లను మొదట ఎక్కిస్తానన్న మాట మామకు గుర్తుంది. చేతులు చాచాడు. నేను ఇవ్వలేదు. జనం ముందు ఇవ్వలేదు. ఆయన ముఖం ఎర్రబడింది.

లాంచీ కదిలింది. తహసీల్దారు గొడుగు వేసుకుని నడిమధ్యన కూర్చున్నాడు. ఏం జరిగిందో తెలుసా? దారం లాగినట్టు నేరుగా పోయింది. ఇటు నుంచి దక్షిణం ఒడ్డుకు పోతుంటే కుడి పక్కన ఎగువ ఉంటుంది. ఏరేమో లాంచీని దిగువకు తోస్తోంది, ఇంజన్లేమో మూతిని ఎగువకు గుంజుతున్నాయి. రెండూ సరికి సరి అయ్యాయి. అవతలి ఒడ్డున జనం ఈలలు వేశారు. మామ రుమాలు తీసి ఊపడం నాకు కనబడింది. నాకే సిగ్గేసింది. నా నోరే తప్పేమో, రేవు మిగిలింది కదా, అదే చాలు అనుకున్నాను. ఆ కాసేపు నేను నిజంగా సంతోషపడ్డాను.

తిరిగి రావడానికి మూతి ఇటు తిప్పారు. ఇప్పుడు కుడి పక్కన దిగువ. ఏరు దిగువకే తోస్తోంది, ఇంజన్లూ దిగువకే గుంజుతున్నాయి. ఒడ్డు వదిలిన కాసేపటికే మూతి వాలిపోయింది. బావ ఇంజన్లు ఇంకా గట్టిగా తోలాడు. తోలినకొద్దీ ఇంకా గుంజింది. మా ఆయన చుక్కాని కొయ్యను రెండు చేతులతో పట్టి, చాలక భుజం పెట్టి తోస్తున్నాడు. దిగువన నీళ్ళలో దున్నపోతుల్లా పడుకునే బండలున్నాయి. మా వాళ్ళందరికీ పుట్టి నడిపిన నాటి నుంచీ ఆ బండల భయమే. లాంచీ నేరుగా వాటి మీదికి పోయింది. చెక్క విరిగిన చప్పుడు ఒడ్డు దాకా వినబడింది.

ఎవరూ చావలేదు. తహసీల్దారు బండ మీద గొడుగుతో సహా కూర్చున్నాడు. దిగబడ్డ చుక్కాని కొయ్య వెనక్కి తన్ని మా ఆయన భుజం కీలు చితికింది. వాళ్ళను తేవడానికి మా ఇంట్లో ఒక్క పుట్టి కూడా లేదు. ఎగువ రేవు నుంచి మా నాయిన తోలు పుట్టి వేసుకుని వచ్చాడు. తెడ్డు ఇటొక పోటు, అటొక పోటు వేస్తూ బండల మధ్యకు పోయి, ఒక్కొక్కరినే దించుకుని వచ్చాడు. మామను ఎక్కించుకున్నప్పుడు మా నాయిన అన్న మాట ఒక్కటే, "బావా, జర కాళ్ళు ముడుసుకో." ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఒడ్డున దిగీ దిగగానే మామ నా వైపు వేలు చూపించాడు. అంతమంది ముందు.

"శుభమా అని పోతే ముందే నోరు పెట్టింది. పిల్లను గూడ ఇయ్యలె. గా నోరే తగిలింది."

అంతే. ఆ మాట రెండు ఒడ్లూ పట్టుకున్నాయి. లాంచీ ఎందుకు పోయిందంటే కోడలి నోరు తగిలి పోయింది. నేను ఎదురొస్తే ప్రయాణం ఆపుకునేవాళ్ళు. "గామె నోట్ల పడకుండ్రి" అనేవాళ్ళు. రెండు ఇంజన్లు ఒకే దిక్కు తిరిగాయని అనేవాళ్ళు లేరు. నోరు మాత్రం అందరికీ కనబడింది. ఆ మాట విన్నప్పుడు మా ఆయన నొప్పితో మూలుగుతూ పడి ఉన్నాడు. తర్వాత భుజం కట్టు విప్పారు, మూలుగు ఆగింది. అప్పుడు కూడా ఆయన ఆ మాట తప్పని అనలేదు.

రేవు ఇజారాదారుకు పోయింది. అతను మహా తెలివైనవాడేమీ కాదు. లాంచీ ఎక్కడ దొరుకుతుందని బావనే అడిగి తెలుసుకుని, పట్నంలో అదే కొట్టానికి పోయాడు. వేరే పడవ ఒకటి దొరికింది. ఇంజన్లు మాత్రం అక్కడ మిగిలినవి రెండే. నల్లది, ఎర్రది. ఏది కావాలని ఎంచుకునే పని కూడా అతనికి పడలేదు. మేము వద్దన్న జోడును తెచ్చి మా రేవులోనే దించాడు. ఆ లాంచీ పోయేటప్పుడూ సీదాగా పోయేది, వచ్చేటప్పుడూ సీదాగా వచ్చేది. పొద్దుగూకులు ఆ ఇంజన్ల చప్పుడు మా వాకిట్లోకి వినబడేది.

కల్లాల్లో గింజలు ఆగిపోయాయి. బావ కొత్తకోటకు పోయి లారీలకు మూటలెత్తే పనిలో చేరాడు. నేను కూలికి పోయాను. మా ఆయన ఒక్క చేత్తో ఏం చేస్తాడు? ఆ ఇజారాదారు లాంచీకే తాడు కట్టే పనికి కుదిరాడు. తాతల నాటి రేవులో, తన సొంత రేవులో, మందికి తాడు విసిరేవాడు.

మామ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆ లాంచీ ఎక్కలేదు. ఏటి ఒడ్డునే ఇల్లు, ఏటికి వీపు పెట్టి కూర్చునేవాడు. నేను అన్నం పెట్టేదాన్ని. పళ్ళెం కాస్త గట్టిగానే పెట్టేదాన్ని, అది ఒప్పుకుంటాను. ఆయన మాట్లాడేవాడు కాదు, నేనూ మాట్లాడేదాన్ని కాదు. ఒక్కరోజు, ఒక్కసారి, "గా దినం నువ్వు చెప్పింది ఇనకపోతి" అంటే నేను అన్నీ వదిలేసేదాన్ని. అనలేదు. అనకుండానే నైజాం సర్కారు పోయే ముందటి చలికాలంలో కన్నుమూశాడు.

మా వాళ్ళలో రేవు నడిపిన మనిషి బూడిదను ఒడ్డున కలపరు. పుట్టిలో నడి ఏటికి తీసుకుపోయి కలపాలి. మా ఇంట్లో పుట్టి లేదు. ఎగువ రేవులో మా నాయిన కూడా అంతకు ముందే పోయాడు, ఆయన పుట్టి కూడా పగిలిపోయింది. ఇంక దిక్కెవరు? ఇజారాదారును అడిగితే, కిరాయి ఏమీ వద్దు, లాంచీ తీసుకుపొమ్మన్నాడు. పెద్దకొడుకు కాబట్టి బావ కుండ పట్టుకున్నాడు. ఆడవాళ్ళు రాకూడదన్నారు. నేను ఎక్కి కూర్చున్నాను. నా నోరంటే అందరికీ భయమే కదా, ఎవరూ దించలేదు.

లాంచీ కదిలింది. నల్లది ఒక పక్కన, ఎర్రది ఒక పక్కన. బావ ఎర్ర ఇంజను ముందు, చక్రానికి ఎదురుగా కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఆ రోజు కొట్టంలో మామ నిలబడ్డ దిక్కు. చక్రం ఎడమకు తిరుగుతోంది. చావుకు సంబంధించిన తిరుగుడు అన్నాడు కదా, చివరికి చావుకే పనికొచ్చింది. నేను లేచి బావ చేతిలో నుంచి కుండ తీసుకున్నాను.

"గిదేందిరా, గీమె..." అని బావ అంటూనే ఉన్నాడు. నేను కుండను ఇంజను అవతలి పక్కకు తీసుకుపోయి, పంకా కడ్డీకి ఎదురుగా చెక్క మీద పెట్టాను. కడ్డీ కుడికి తిరుగుతోంది.

"గిప్పుడు సూడు మామా. ఎటు తిరుగుతాందో నువ్వే చెప్పు" అన్నాను.

మా ఆయన తాడు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. "గిప్పుడెందుకే గదంత?"

"గప్పుడు నువ్వు అనలేదు గనుక."

ఆయన చాలాసేపు కడ్డీని చూశాడు. కుండను చూశాడు. లాంచీ ఎటూ వాలకుండా నడి ఏటికి చేరింది. బావ కుండ కోసం చేతులు చాచాడు. దాన్ని అన్న చేతికి ఇచ్చే ముందు మా ఆయన బాగున్న చేత్తో మూత గుడ్డ విప్పి, వంగి, లోపలికి చెప్పాడు.

"గామె చెప్పింది నిజమే నాయినా."

అక్కడున్నవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు. నాకు ఏడుపు రాలేదు, ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. బతికున్న మనిషికి చెప్పాల్సిన మాటను బూడిదకు చెప్పాడు.